ముఖానికి చట్టం లేదు, పాటకు కాగితం లేదు: ఒక ఇంగ్లిష్ మోడల్-గాయని కేసు

ఈ కేసు ఉత్తర ఇంగ్లండ్‌కు చెందిన ఒక మోడల్‌ది. డబ్బు, ఒప్పందాల విషయంలో సలహా కోసం మా దగ్గరికి వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు, లండన్‌లో నివాసం. పేరు, ఊరు, బ్రాండు, పాటల వివరాలు తీసేశాం. డబ్బు అంకెలను నిష్పత్తి చెడకుండా గుండ్రం చేశాం. కేసును రాసిపెట్టడానికి కారణం ఒక్కటే. మోడలింగ్, సంగీతం రెండూ ఒకే మనిషి చేస్తున్నప్పుడు డబ్బు ఎక్కడ కారిపోతుందో ఇందులో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

నేపథ్యం

పదిహేడేళ్లప్పుడు బజారులో ఒక స్కౌట్ (కొత్త మోడళ్లను వెతికే మనిషి) కంటబడింది. ఊరికి దగ్గర్లోని చిన్న ఏజెన్సీ ఆమెకు 'మదర్ ఏజెన్సీ' (మొదట చేర్చుకుని పెద్ద ఏజెన్సీలకు పరిచయం చేసేది) అయింది. అక్కణ్ణుంచి లండన్ ఏజెన్సీకి, తర్వాత పారిస్, మిలాన్ ఏజెన్సీలకు వెళ్లింది. లండన్‌లో మామూలు పద్ధతి ఇది: మోడల్ ఫీజులో 20 శాతం ఏజెన్సీ కోసుకుంటుంది, అది చాలక క్లయింట్ దగ్గర మరో 20 శాతం పైన వేస్తుంది. అంటే 1,000 పౌండ్ల పనికి క్లయింట్ 1,200 కడితే మోడల్‌కు 800 అందుతుంది. విమానం టికెట్లు, మోడల్ ఫ్లాట్ అద్దె, క్లయింట్లకు ఇచ్చే ఫొటో కార్డుల ఖర్చు ముందు ఏజెన్సీ పెట్టి, తర్వాత ఖాతాలో మినహాయిస్తుంది. క్లయింట్ నుంచి సొమ్ము రావడానికి రెండు మూడు నెలలు పట్టడం మామూలే.

అసలు డబ్బు డే రేట్‌లో (రోజు పనికిచ్చే ఫీజులో) ఉండదు, యూసేజ్‌లో ఉంటుంది: ఆ ఫొటో ఏ దేశాల్లో, ఏ మాధ్యమాల్లో, ఎన్ని నెలలు వాడతారు అన్నదానికి ఇచ్చే ధర. ఈ సంగతి ఆమెకు బాగా తెలుసు. మ్యాగజైన్ ఎడిటోరియల్‌కు (పత్రిక సొంత ఫొటో కథనానికి) చిల్లర వస్తుందనీ, బ్రాండు ప్రకటనల క్యాంపెయిన్‌కు ఏడాది గడుస్తుందనీ ఏడేళ్లలో నేర్చుకుంది.

సంగీతం సంగతి వేరు. గిటారు వాయిస్తుంది, పాటలు తనే రాస్తుంది. సంగీత నిర్మాత (రికార్డింగు పని నడిపించేవాడు) అయిన ఒక స్నేహితుడి గదిలో రెండు ఈపీలు (కొద్ది పాటల చిన్న ఆల్బమ్‌లు) రికార్డు చేసి, పాటలను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా సొంతంగా విడుదల చేసింది. స్టూడియో ఖర్చంతా మోడలింగ్ డబ్బే. కాగితం మీద ఒక్క సంతకమూ లేదు.

వచ్చిన సమస్య

ఆమె చెప్పింది "టైమ్ సరిపోవట్లేదు" అని. విడదీసి చూస్తే నాలుగు సమస్యలు. ఒకే సీజన్‌లో మూడు గిగ్‌లు (టికెట్టు పెట్టి చేసే పాట ప్రదర్శనలు) రద్దయ్యాయి. పాటలు బీబీసీ రేడియోలో వచ్చినా రాయల్టీ రూపంలో పెన్నీ రాలేదు. ఒక బ్రాండు తన ప్రకటన చిత్రంలో ఆమెనూ, ఆమె పాటనూ కలిపి వాడుకుంటామని కాంట్రాక్టు పంపింది, దానికి వారం గడువు. ఇవి చాలవన్నట్టు జనవరి 31న కట్టాల్సిన పన్ను బిల్లు ఆమె అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ ఉంది.

ముందుగా ఏది పట్టుకోవాలి? పన్నుకు తేదీ ఉంది కానీ లెక్క మారదు. రాయల్టీలను కొంత వెనక్కి వెళ్లి వసూలు చేసుకోవచ్చు. కాంట్రాక్టు అలా కాదు, సంతకం పడితే తిరిగి రాదు. అందుకని అది మొదట చేతిలోకి తీసుకున్నాం. కానీ దాన్ని చదవగానే పాట ఎవరిదో తేలందే ముందుకు కదలదని అర్థమైంది.

పాట ఎవరిది

ఇంగ్లండ్ చట్టంలో ఒక విచిత్రం ఉంది. మనిషి రూపానికి ప్రత్యేకమైన హక్కంటూ ఏదీ లేదు. పాప్ తార రిహానా తన ఫొటో ముద్రించిన టీషర్టు అమ్మిన దుకాణ సంస్థ మీద 2013లో గెలిచింది, 2015లో అప్పీల్ కోర్టు కూడా ఆ తీర్పును నిలబెట్టింది. అయితే ఆమె గెలిచింది 'పాసింగ్ ఆఫ్' కింద, అంటే ఆమె ఆమోదం ఉందనుకుని కొనేవాళ్లు మోసపోతారన్న వాదనతో. 'నా ముఖం నాది' అన్న వాదనతో కాదు. కాబట్టి ఇక్కడ మోడల్ ముఖానికి ముఖ్యంగా కాపలా కాసేది కాంట్రాక్టే. పాటకు మాత్రం 1988 కాపీరైట్ చట్టం పుట్టుకతోనే రక్షణ ఇస్తుంది. ఈ అమ్మాయి విషయంలో పరిస్థితి తలకిందులుగా ఉంది: చట్టం కాపాడని ముఖానికి ఏడేళ్ల కాగితాలున్నాయి, చట్టం కాపాడే పాటకు ఒక్కటీ లేదు.

ఒక రికార్డింగులో రెండు ఆస్తులుంటాయి. సాహిత్యం, బాణీ కలిసి ఒకటి. దీన్ని వ్యవహారంలో పబ్లిషింగ్ అంటారు. రికార్డయిన శబ్దం రెండోది, అది మాస్టర్. మాస్టర్ ఎవరిదంటే, రికార్డింగుకు కావలసిన ఏర్పాట్లు ఎవరు చేశారో వాళ్లది అంటుంది చట్టం. స్టూడియో రోజులకూ, డ్రమ్మర్‌కూ, మిక్సింగ్‌కూ ఆమె కట్టిన బ్యాంకు లావాదేవీలన్నీ ఉన్నాయి. కాబట్టి మాస్టర్ విషయంలో ఆమెకు గట్టి పట్టు దొరికింది. చిక్కంతా పబ్లిషింగ్‌లో వచ్చింది. నిర్మాత సగం అడిగాడు.

అతణ్ణి దురాశాపరుడని కొట్టిపారేయడం తేలికే, కానీ అది తప్పయ్యేది. 1967లో రికార్డయిన ఒక ప్రసిద్ధ పాటకు ఆర్గాన్ వాయించిన మాథ్యూ ఫిషర్ 2005లో కోర్టుకెక్కాడు. 2009లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పటి అత్యున్నత న్యాయస్థానం) అతనికి సంగీతంలో 40 శాతం వాటాను ఖాయం చేసింది. వాయించినవాడు కూర్చినవాడు కూడా అయివుండొచ్చనీ, ఆలస్యం చేసినంత మాత్రాన హక్కు పోదనీ ఆ కేసు నేర్పింది. అందుకే వాదన పెట్టుకోకుండా ఇద్దరినీ కూర్చోబెట్టి రెండు ఫైళ్లు వినిపించాం. ఒకటి ఆమె ఫోన్‌లో తేదీతో సహా ఉన్న మొదటి వాయిస్ మెమో, రెండోది విడుదలైన రికార్డింగు. మెమోలో పల్లవి బాణీ, రెండు చరణాల మాటలు దాదాపు యథాతథంగా ఉన్నాయి. లేనివి రెండే: మొదట్లో వచ్చే ఎనిమిది బార్ల (తాళ ఆవర్తనాల) గిటారు రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస, రెండో చరణం తర్వాత మారే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు). అవి రెండూ అతనివి. వినడం అయ్యాక అతనే 30 అన్నాడు. చివరికి 75-25 దగ్గర తేలింది. దీనికి తోడు మాస్టర్ మీద వచ్చే రాబడిలో అతనికి 15 శాతం. ఒక పేజీ స్ప్లిట్ షీట్ (వాటాల పత్రం) మీద పాట పేరు, ఇద్దరి అసలు పేర్లు, వాటాలు, తేదీ రాసి అక్కడే సంతకాలు పెట్టించాం. మొత్తం గంటన్నర పట్టింది. ఈ పని రికార్డింగు అయిన రోజున చేసివుంటే పది నిమిషాలు పట్టేది.

కాంట్రాక్టులో మూడో పేజీ

బ్రాండు మొత్తం 20,000 పౌండ్లు ఇస్తానంది. కాగితం పేరు మోడల్ బుకింగ్ నిర్ధారణ. ముఖానికి యూసేజ్ చక్కగా రాశారు: డిజిటల్ మాత్రమే, ప్రపంచమంతటా, 12 నెలలు. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది, దాని సారాంశం: మోడల్ ఈ పనికి అందించిన 'సమస్త ప్రదర్శనలు, సామగ్రి, సృజన' మీద హక్కులన్నీ శాశ్వతంగా బ్రాండుకు బదిలీ. మామూలు మోడల్‌కు ఈ వాక్యం ప్రమాదకరం కాదు. ఆమె నవ్వినా నడిచినా అది చిత్రంలో భాగమే. పాట కట్టిన మనిషి సంతకం పెడితే మాత్రం కథ మారిపోతుంది. కాపీరైట్ బదిలీ కావాలంటే యజమాని సంతకంతో లిఖితపూర్వకంగా ఉండాలన్నది చట్టం. ఈ వాక్యం కింద పెట్టే సంతకం సరిగ్గా అదే పని చేస్తుంది, కనీసం చేసిందని వాదించుకోవడానికి చోటిస్తుంది. ముఖం ఏడాదికి అద్దె, పాట శాశ్వతంగా అమ్మకం.

ఏజెన్సీలో ఆమె పనులు ఖాయం చేసే బుకర్ దీన్ని పట్టుకోలేదు. పట్టుకోవాలని ఆశించడమూ న్యాయం కాదు. బుకర్ చూసేది రోజు, ధర, యూసేజ్, రద్దు ఫీజు. పాట హక్కులు బుకర్ పని కాదు.

మొదటి ప్రయత్నంగా ఆ వాక్యంలో 'సంగీతం మినహా' అని రెండు పదాలు చేర్చమని అడిగాం. బ్రాండు లాయర్లు ఒప్పుకోలేదు. వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ సబబే: మినహాయిస్తే ఇక చిత్రంలో పాట వాడుకోవడానికి వాళ్లకు అనుమతి ఎక్కడిది? నిరాకరించాక గానీ మాకు తట్టలేదు, మేం తీసేయడమే అడిగాం, బదులు ఏమీ ఇవ్వలేదు.

రెండోసారి మూడు కాగితాలు పంపాం. ఒకటి మోడల్ బుకింగ్, కేవలం కనిపించడానికి, 12,000. రెండోది మాస్టర్ సింక్ లైసెన్సు (రికార్డింగును చిత్రానికి జోడించుకునే అనుమతి), 4,000. మూడోది పబ్లిషింగ్ సింక్ లైసెన్సు, 4,000. పాట రెండు వైపులకూ ఒకే ధర ఉండాలన్నది ఈ వ్యాపారంలో ఆనవాయితీ, ఒకదానికి పెంచితే రెండోదానికీ పెంచాలి. మూడింటికీ అదే గడువు, అవే దేశాలు, అదే మాధ్యమం. బ్రాండుకు మొత్తం ఖర్చు పెరగలేదు, అనుమతులన్నీ చేతికొచ్చాయి. నాలుగు రోజుల్లో ఒప్పుకున్నారు.

ఇక లెక్క చూడండి. పాత పద్ధతిలో 20,000 మీద ఏజెన్సీ 4,000 తీసుకుంటే ఆమెకు 16,000. కొత్త పద్ధతిలో 12,000 మీద ఏజెన్సీకి 2,400, ఆమెకు 9,600. మాస్టర్‌లో నిర్మాతకు 600, ఆమెకు 3,400. పబ్లిషింగ్‌లో నిర్మాతకు 1,000, ఆమెకు 3,000. కూడితే ఆమె చేతికి మళ్లీ అదే 16,000! ఆమె మొదటి ప్రశ్న "మరి ఇంత హడావుడి దేనికి?" అని. సరైన ప్రశ్నే. ఇప్పుడు 12 నెలల తర్వాత కూడా చిత్రం నడవాలంటే మూడు కాగితాలకూ మళ్లీ డబ్బు కట్టాలి. పాటను వేరే సినిమాకో సీరియల్‌కో ఇచ్చుకునే స్వేచ్ఛ ఆమెకు మిగిలింది. రేపు కోర్టుకెక్కడానికి కారణమున్న నిర్మాత ఇప్పుడు 1,600 అందుకున్న భాగస్వామి.

ఆ 1,600 వచ్చింది ఏజెన్సీ వాటాలోంచే. క్లయింట్ మీద వేసే 20 శాతంలోనూ వాళ్లకు అంతే తగ్గింది. ఏజెన్సీ ముఖం మాడ్చుకుంది. వాళ్ల ఒప్పందంలో 'మోడలింగ్, తత్సంబంధ సేవలు' అన్నిటి మీదా కమిషన్ అని ఉంది, ఆ 'తత్సంబంధ' అన్న మాటలో పాట కూడా దూరిపోతుంది. సంగీత ఆదాయానికి కమిషన్ వర్తించదని ఒక చిన్న అనుబంధ లేఖ రాయించాలి. ఊరికే అడిగితే రాయరు. వాళ్లకు కావలసింది ఏమిటని ఆలోచిస్తే జవాబు క్యాలెండర్‌లో దొరికింది.

గిగ్‌లు ఎందుకు రద్దయ్యాయి

మోడలింగ్‌లో రోజు ఖాయమయ్యే పద్ధతి తెలియనివాళ్లకు వింతగా ఉంటుంది. క్లయింట్ ముందు 'ఆప్షన్' పెడతాడు: ఈ తేదీ నా కోసం ఉంచండి, తీసుకుంటానో లేదో తర్వాత చెబుతా. ఫస్ట్ ఆప్షన్, దాని వెనక సెకండ్ ఆప్షన్. అప్పటికి డబ్బేమీ లేదు. కన్ఫర్మ్ చేసేది తరచుగా ముందురోజు సాయంత్రం. కన్ఫర్మ్ అయ్యాకే రద్దు ఫీజు వర్తిస్తుంది. గిగ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మూడు నెలల ముందే తేదీ ప్రకటిస్తారు, టికెట్లు అమ్ముతారు, డ్రమ్మర్ తన రోజు రాసుకుంటాడు. రెండూ ఒకే తేదీ మీద పడితే చివర్లో కన్ఫర్మ్ అయ్యే పనే గెలుస్తుంది, డబ్బు అటే ఎక్కువ కాబట్టి.

మొదట చేసింది అందరూ చేసేదే: గిగ్ తేదీలన్నిటికీ ఏజెన్సీలో 'బుక్ ఔట్' (ఆ రోజు మోడల్ దొరకదన్న గుర్తు) పెట్టించాం. ఇది విఫలమైంది. ఒక సీజన్‌లో ఇరవైకి పైగా రోజులు మూసుకుపోయేసరికి బుకర్లు ఆమెను కాస్టింగులకు (క్లయింట్లు మోడళ్లను చూసి ఎంచుకునే చోట్లకు) పంపడం తగ్గించారు. అంతకన్నా పెద్ద లోపం ఏమిటంటే, ఏజెన్సీ తేదీల చార్టులో బుక్ ఔట్ అంటే సెలవు కింద లెక్క. పంటి డాక్టరు, చెల్లెలి పెళ్లి, గిగ్ అన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి. "కాస్త మార్చుకోగలవా?" అని అడగడానికి బుకర్ వెనకాడదు.

మార్చిందల్లా రెండు విషయాలు. గిగ్‌ను బుక్ ఔట్‌గా కాకుండా కన్ఫర్మ్ అయిన పనిగా చార్టులో ఎక్కించాం: ప్రమోటర్ (గిగ్ నిర్వాహకుడు) పేరు, ఫీజు, రిపోర్టింగ్ టైమ్‌తో సహా. ఫీజు 150 పౌండ్లే కావచ్చు, కన్ఫర్మ్ అయిన పనిని తొలగించమని ఏ బుకరూ అడగదు, అది వాళ్ల వృత్తిధర్మం. రెండోది, రోజును గంటలుగా విడగొట్టాం. లండన్ గిగ్‌కు సామాను దించేది సాయంత్రం నాలుగు, సౌండ్‌చెక్ ఐదున్నర, స్టేజీ తొమ్మిది. అంటే మధ్యాహ్నం రెండు దాకా లండన్‌లోనే ఫొటోషూట్ చేయొచ్చు. మూసిన రోజుల్లో మూడింట రెండొంతులు ఈ లెక్కతో సగం తెరుచుకున్నాయి. పూర్తిగా మూసింది లీడ్స్, బ్రిస్టల్ లాంటి బయటి ఊళ్ల తేదీలనే.

సీజన్ల మీద గీత కూడా గీశాం. ఫిబ్రవరి, సెప్టెంబరుల్లో లండన్ ఫ్యాషన్ వీక్, వెంటనే మిలాన్, పారిస్. మార్చి మొదట్లో, అక్టోబరు మొదట్లో గానీ ఊపిరాడదు. జనవరి, జులైల్లో పారిస్ కుట్యూర్ (అత్యంత ఖరీదైన చేతికుట్టు దుస్తుల ప్రదర్శనలు). ఆగస్టులో పారిస్, మిలాన్ తలుపులు వేసుకుంటాయి. కాబట్టి రికార్డింగు ఆగస్టుకు, టూర్లు ఏప్రిల్ చివరికీ, అక్టోబరు మధ్య తర్వాతకీ వెళ్లాయి. విడుదల ఎప్పుడైనా శుక్రవారమే. స్పాటిఫై ప్లేలిస్టుల ఎడిటర్లకు పాటను పిచ్ చేయడానికి (తీసుకోమని ప్రతిపాదించడానికి) కనీసం ఏడు రోజులు ముందుండాలి కానీ, ఆ ఏడు రోజుల మీద ఆధారపడకూడదు, డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఒక్క స్పెల్లింగ్ తప్పు దొర్లితే మూడు రోజులు పోతాయి. నాలుగు వారాల ముందే ఎక్కించాలన్నది మా నియమం. ఈ క్యాలెండర్ మొత్తాన్ని ఆరు వారాల ముందే ఏజెన్సీకి ఇస్తామన్నాం. బదులుగా అనుబంధ లేఖ మీద సంతకం దొరికింది. చివరి నిమిషంలో మోడల్ లేకపోవడం వాళ్లకు కమిషన్ తగ్గడం కన్నా పెద్ద నష్టం.

దారి తప్పిన రెండు ఆలోచనలు

మోడల్ అనే ముద్ర పాటకు అడ్డమని ఆమె గట్టి నమ్మకం. మూడో సింగిల్‌ను (విడిగా విడుదల చేసే పాటను) మారుపేరుతో వదలాలంది. మేం వారించాం, కానీ గట్టిగా కాదు. నిక్ కేమెన్ సంగతి తీసుకోండి. ఎసెక్స్‌లోని హార్లోలో పుట్టిన మోడల్, 1985 లీవైస్ ప్రకటనతో దేశమంతా గుర్తుపట్టింది. మరుసటి ఏడాది తొలి సింగిల్ బ్రిటిష్ చార్టులో 5వ స్థానానికి వెళ్లింది. ముఖం తలుపు తీసిందన్నది నిజం. ఓల్డ్‌హామ్ అమ్మాయి కరెన్ ఎల్సన్ పద్ధతి వేరు: 1997లోనే ఇటాలియన్ వోగ్ కవర్ మీదికి వచ్చినా తొలి ఆల్బమ్ 2010లో గానీ తేలేదు. ఇద్దరూ పేరు మార్చి దాచుకోలేదు. మా కేసులో మారుపేరు వల్ల జరిగింది ఏమిటంటే, స్ట్రీమింగ్‌లో రెండు ప్రొఫైళ్లయ్యాయి, పాత శ్రోతలకు కొత్త పాట సంగతి చేరలేదు. మళ్లీ కలిపేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకున్నాం: పాటను దించి అసలు పేరుతో ఎక్కించేటప్పుడు ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ప్రతి రికార్డింగుకూ ఉండే గుర్తింపు సంఖ్య) అదే ఉంచాం. కొత్త కోడ్ తీసుకుంటే అప్పటిదాకా వచ్చిన స్ట్రీముల లెక్క పోయే ప్రమాదముంది.

రెండోది పబ్లిసిస్టు, అంటే పత్రికల్లో ప్రచారం చూసే మనిషి. మూడు నెలలకు పెట్టుకుంటే ఫ్యాషన్ పత్రికల్లో బోలెడు కథనాలొచ్చాయి. 150 మంది పట్టే హాలుకు టికెట్లు 38 తెగాయి. ఆమె ఏ కోటు వేసుకుందో చదివేవాళ్లు వేరు, గురువారం రాత్రి వానలో హాలుకు వచ్చేవాళ్లు వేరు. మిగిలిన బడ్జెట్‌ను ఇతర బ్యాండ్లకు ముందు వాయించే సపోర్ట్ స్లాట్లకు, వ్యాన్ పెట్రోలుకు మళ్లించాం. ప్రతి గిగ్‌లో టీషర్టులు, రికార్డులు అమ్మే మెర్చ్ బల్ల మీద ఈమెయిల్ జాబితా పెట్టాం. ఎనిమిది నెలల తర్వాత అంతే హాలు మళ్లీ తీసుకుంటే 120 దాటింది.

రేడియో డబ్బు, పన్ను

రాయల్టీ రాకపోవడానికి కారణం మామూలే, రిజిస్ట్రేషన్ లేదు. పాట రాసినందుకు పీఆర్‌ఎస్, రికార్డింగుకూ అందులో పాడి వాయించినందుకూ పీపీఎల్. రెండూ రాయల్టీలు వసూలు చేసి పంచే వేర్వేరు సంస్థలు, ఒకదాంట్లో చేరితే రెండోదాంట్లో చేరినట్టు కాదు. పీఆర్‌ఎస్‌లో చేరడానికి ఒక్కసారి కట్టే ఫీజు 100 పౌండ్లు, పీపీఎల్ ఉచితం. పీపీఎల్ ప్రతి రికార్డింగు రాబడిని సగం మాస్టర్ యజమానికి, సగం కళాకారులకు పంచుతుంది. ఆమె రెండు హోదాల్లోనూ విడివిడిగా నమోదు కావాలి. ఒకటే చేసి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. డ్రమ్మర్‌నూ, బేసిస్టునూ కూడా పేర్లతో చేర్చాం, వాళ్ల వాటా వాళ్లకు వెళ్తుంది, ఆమె జేబులోంచి కాదు. గిగ్ అయిన వారంలోపే సెట్‌లిస్టు పీఆర్‌ఎస్‌కు పంపడం అలవాటు చేశాం. (హైదరాబాద్‌లో సొంత పాటలు విడుదల చేసే తెలుగు కుర్రాళ్లకు పీఆర్‌ఎస్ స్థానంలో ఐపీఆర్‌ఎస్ ఉంది. స్ప్లిట్ షీట్ మాట ఎత్తితే అక్కడా అదే మొహమాటం.)

పన్ను అంత ఎక్కువగా కనిపించడానికి కారణం ముందస్తు చెల్లింపు. ఆ ఏడాది పన్ను 14,000. పాత ఏడాది లెక్క ప్రకారం ముందే కట్టింది 3,000. మిగిలిన 11,000కు తోడు, వచ్చే ఏడాది కోసం ఇప్పటి పన్నులో సగం 7,000 కలిపి జనవరి 31న 18,000. జులై 31న మరో 7,000. ఆదాయం ఎగబాకిన ఏడాది అందరికీ తగిలే దెబ్బే. వచ్చిన ప్రతి చెల్లింపులో 30 శాతం వేరే ఖాతాలోకి మళ్లేట్టు పెట్టాం. ఖర్చుల జాబితాలో 2,300 పౌండ్ల బట్టలున్నాయి. బయట కూడా వేసుకోగల బట్టలు ఖర్చు కింద చెల్లవని 1983లోనే మాలలియు కేసులో తేలిపోయింది, అక్కడ ఓడినామె బారిస్టరు. స్టేజీ కోసమే కుట్టించిన రెండు జతలు మాత్రం నిలిచాయి. వృత్తి మోడలింగ్ కాబట్టి బట్టలన్నీ ఖర్చే అనుకోవడం ఈ రంగంలో పాత భ్రమ.

ఇప్పటి పరిస్థితి

ఏడాదిన్నర గడిచింది. ఈ మధ్య ఒక హెయిర్ ప్రొడక్ట్ కంపెనీ ఏడాది ఒప్పందం ఇవ్వజూపింది. పోటీ బ్రాండ్లతో 'ఏ సంబంధంలోనూ కనిపించరాదు' అని అందులో ఉంది. ఆమె పాడబోయే ఒక వేసవి ఉత్సవానికి స్పాన్సరు సరిగ్గా పోటీ కంపెనీయే, స్టేజీ వెనక దాని లోగో ఉంటుంది. ఉత్సవ స్పాన్సర్ల ముందు ప్రత్యక్ష ప్రదర్శన ఉల్లంఘన కాదనీ, స్పాన్సరు ఆమె పేరునూ ఫొటోనూ సొంత ప్రకటనల్లో వాడితేనే ఉల్లంఘన అనీ మినహాయింపు రాయించాం. జుట్టు కత్తిరించకూడదన్న షరతు మాత్రం తీసేయలేదు. ఆల్బమ్ కవర్ కోసం పొట్టి జుట్టు కావాలని ఆమె పట్టుబట్టింది, కాబట్టి కవర్ ఫొటో ఒప్పందం మొదలయ్యే తేదీకి ముందుకు జరిగింది, విగ్గుతో.

మొదటి ఈపీలోని నాలుగు పాటల్లో మూడింటికి స్ప్లిట్ షీట్లు పూర్తయ్యాయి. నాలుగో దాంట్లో బేస్ వాయించినతను తన లైనే పాటకు ప్రాణమంటున్నాడు. ఆ పాట వాయిస్ మెమో దొరకలేదు, పాత ఫోన్‌తో పాటే పోయింది. అది తేలేదాకా ఆ పాటను సింక్ జాబితాలోంచి తీసి పక్కన పెట్టాం.